శనివారం ఎవరిది

2022 అక్టోబరులో ఒక సాయంత్రం తలకు కట్టుకునే లైటు కోసం గరాజ్‌లో వెతుకుతున్నాను. అట్టపెట్టెల వెనకాల, పిల్లల పాత తోపుడు బండికి ఆనించి మా వారి క్రికెట్ సంచి కనిపించింది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. జిప్పు తీయగానే అవిసె నూనె వాసన వచ్చింది. బ్యాటు పిడికి తొడిగిన రబ్బరు ఎండి పగుళ్లు బారింది. పట్టుకుంటే పొడిలా రాలి అరచేతికి అంటుకుంది. ప్యాడ్ల మధ్య ఆ ఏడాది మ్యాచ్‌ల పట్టిక అచ్చేసిన చిన్న అట్ట ఉంది. ఆడిన ప్రతి ఆటకూ ఎదురుగా తన పరుగులు పెన్సిలుతో రాసుకోవడం ఆయన అలవాటు. ఆ అట్ట మీద ఒక్క అంకె లేదు.

ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆయన ఒక్క శనివారం కూడా ఆడలేదు. ఆ శనివారాల్లో నేను కొండల మీద ఉన్నాను, లేదా కొండ దిగివచ్చి పడుకున్నాను. ఇంట్లో మనిషి తనకు ప్రాణమైన ఆటను వదిలేసుకుంటే ఆరు నెలలపాటు నేను గమనించనే లేదు.

మేము ఇంగ్లండ్ వాయవ్య భాగంలో, లాంకాస్టర్‌లో ఉంటాం. నేను ఆసుపత్రి ప్రయోగశాలలో పనిచేస్తాను, షిఫ్టులు ఉంటాయి. మా వారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పటికి అమ్మాయికి పదకొండేళ్లు, బాబుకు ఏడు. ఈ ప్రాంతంలో కొండను ‘ఫెల్’ అంటారు. సుమారు వెయ్యేళ్ల కిందట ఇక్కడ స్థిరపడిన నార్స్ జనం వదిలివెళ్లిన మాట అది. ఆ కొండల మీద పరుగే ఫెల్ రన్నింగ్. చాలాచోట్ల దారి ఉండదు. మోకాలి లోతు చిత్తడి, జారే గడ్డి, కాలు పెడితే కదిలే రాళ్లు, నడుము ఎత్తు ఫెర్న్ పొదలు. పొగమంచు కమ్మితే చేతిలోని పటం, దిక్సూచే దిక్కు. పెద్ద పోటీలకు వానకోటు, టోపీ, చేతి తొడుగులు, పటం, దిక్సూచి, ఈల, అత్యవసరానికి కాస్త తిండి ఎవరి సంచిలో వాళ్లు మోసుకెళ్లాలి.

నన్ను ఇందులోకి లాగింది ప్రయోగశాలలో నాతో పనిచేసే ఒకావిడ. 2020 వేసవిలో ఊరి పక్కనున్న క్లోఫా పైక్‌కు తీసుకెళ్లింది. ఎత్తు 413 మీటర్లే. పైకి చేరి చూస్తే కింద మోర్‌కాంబ్ అఖాతం, దాని అవతల వరసగా లేక్ డిస్ట్రిక్ట్ శిఖరాలు. నేను విశాఖలో పుట్టి పెరిగాను. కొండ మీద నిలబడితే సముద్రం కనిపించాలన్నది నా కంటికి చిన్నప్పటి నుంచి అలవాటు. ఇన్నేళ్లుగా ఈ దేశంలో దేనికోసం వెలితిగా ఉందో నాకు ఆ రోజు తెలిసింది.

రెండేళ్లు తిరిగేసరికి నా మనసు బాబ్ గ్రాహమ్ రౌండ్ మీదికి వెళ్లింది. 1932 జూన్‌లో, లేక్ డిస్ట్రిక్ట్‌లోని కెజిక్ ఊళ్లో అతిథిగృహం నడిపే బాబ్ గ్రాహమ్ 42 శిఖరాలు చుట్టి 24 గంటలలోపు ఊరికి తిరిగివచ్చాడు. పట్టిన సమయం 23 గంటల 39 నిమిషాలు. ఇంకొకరు ఆ పని చేయడానికి మళ్లీ 28 ఏళ్లు పట్టింది. దూరం సుమారు 106 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు అంతా కలిపితే సుమారు 8,200 మీటర్లు. కెజిక్‌లోని మూట్ హాల్ తలుపు తాకి మొదలుపెట్టాలి, 24 గంటలలోపు అదే తలుపు మళ్లీ తాకాలి. పోటీ కాదు, బహుమతి లేదు. ప్రతి శిఖరం మీదా మన పక్కన సాక్షిగా ఒకరు ఉండాలి, అంతే. లెక్క వేస్తే గంటకు నాలుగున్నర కిలోమీటర్లయినా లేదు. చదును నేల మీద అది మామూలు నడక వేగం. ఆ లెక్క చూసే నేను మోసపోయాను.

మొదటి ఏడాది నేను సమయాన్ని దొంగిలించాను. ఇంతకన్నా మంచి మాట నాకు దొరకలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు పిల్లిలా లేచి వెళ్లేదాన్ని, పిల్లలు లేచేసరికి తిరిగివచ్చి ఏమీ జరగనట్టు దోసెలు పోసేదాన్ని. ఇంట్లో ఎవరికీ ఇబ్బంది లేకుండా చేస్తున్నానని నా నమ్మకం. శనివారాలు మాత్రం పూర్తిగా నావే అయిపోయాయి. “ఈ శనివారం లాంగ్‌డేల్ వెళ్తున్నాను” అని చెప్పేదాన్ని. ఏనాడూ అడగలేదు. ఆయన “సరే” అనేవారు. ఆ సరేలో ఏముందో నేను వినలేదు.

బాబుకు రాత్రి పడుకునే ముందు కథ చదవడం నా పని. ఆ ఏడాది వసంతంలో రెండో పేజీ దాటేలోపే నాకు కళ్లు మూతలు పడేవి. మొదట్లో భుజం పట్టి కుదిపేవాడు. తర్వాత కుదపడం మానేశాడు. ఒక రాత్రి సగం మెలకువలో చూశాను. నా చేతిలోంచి పుస్తకం నెమ్మదిగా లాగి, ఆగిన చోట కాగితం ముక్క పెట్టి, మంచం పక్క దీపం తనే ఆర్పేశాడు. దుప్పటి నా మీదికి కూడా లాగాడు. ఆ క్షణంలో ముద్దొచ్చింది. అది ముద్దు చేయాల్సిన విషయం కాదని గరాజ్‌లో ఆ సంచి చూశాక గాని నాకు తట్టలేదు.

2022 జూన్‌లో మొదటి ప్రయత్నం. రౌండ్‌ను ఐదు భాగాలుగా చూస్తారు. రోడ్డు తగిలే నాలుగు చోట్ల, అంటే థ్రెల్‌కెల్డ్, డన్‌మెయిల్ రెయిజ్, వాస్‌డేల్, హోనిస్టర్ల దగ్గర మనవాళ్లు తిండి, పొడి బట్టలు తెచ్చి కాచుకుని ఉంటారు. సాయంత్రం ఏడింటికి బయల్దేరిన నేను 30 శిఖరాలు దాటి వాస్‌డేల్ చేరేసరికి మధ్యాహ్నం పన్నెండు. అప్పటికి 17 గంటలు అయిపోయాయి. మిగిలిన ఏడు గంటల్లో ఎనిమిది గంటల పని ఉంది. ఎదురుగా యూబారో కొండ. లోయ అడుగు నుంచి నిచ్చెన వేసినట్టు నిలబడి ఉంటుంది. తొడలు దిగుడులో దెబ్బతిని కుర్చీలోంచి లేవనంటున్నాయి. అక్కడితో ఆపేశాను. కారులో రెండు గంటల ప్రయాణం. వెనక సీట్లో పిల్లలు ఒక్క మాట మాట్లాడలేదు. నాకు కోపం వస్తుందని భయపడ్డారని అమ్మాయి తర్వాత చెప్పింది.

ఆగిపోయినందుకు నా శిక్షణ చాలలేదనుకున్నాను. ఇంకా ఎక్కువ చేయాలని నిశ్చయించుకుని, చలికాలపు చీకట్లకు లైటు వెతుక్కుంటూ గరాజ్‌లోకి వెళ్లాను.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక సంచి తెచ్చి వంటింటి బల్ల పక్కన పెట్టాను. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు.

“ఎందుకు చెప్పలేదు?” అన్నాను.

“ఏం చెప్పను? ఆట ఒంటిగంటకు మొదలైతే ముగిసేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. నువ్వూ లేక నేనూ లేకపోతే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు?”

“ఒక్క మాట అనాల్సింది.”

“అడుగుతావనుకున్నాను.”

గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. రౌండ్ మానేస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. మానేస్తే ఆ భారం ఇంకోలా ఇంటి మీదే పడుతుందన్నారు. చెయ్యి, కానీ లెక్క అందరి ముందూ ఉండాలి అన్నారు. మర్నాడు నేను చేసిన మొదటి పని ఆ బ్యాటు పిడికి కొత్త రబ్బరు కొనడం.

మా ఫ్రిజ్ మీద ఏటా ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతుంది, ఇండియన్ కిరాణా కొట్టువాళ్లు ఇచ్చేది. 2023 క్యాలెండర్ రాగానే బల్ల మీద పరిచి నలుగురం కూర్చున్నాం. తిథులు, రాహుకాలాల గళ్ల పక్కన తలా ఒక రంగు. ముందు ఆయన మ్యాచ్‌లు రాశాం, ఏప్రిల్ నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం. తర్వాత అమ్మాయి వయొలిన్, బాబు ఈత, పుట్టినరోజులు, నా షిఫ్టులు. ఇవన్నీ నిండాక మిగిలిన తెల్ల జాగాలో నా పరుగులు. రెండు వారాలకు ఒక పొడవాటి రోజు. శనివారం తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరి పదకొండుకల్లా ఇంట్లో ఉండాలి. వారంలో ఒక సాయంత్రం రెండు గంటలు క్లోఫా పైక్. ఆసుపత్రి నుంచి ఇంటికి ఆరు కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు వీపున సంచితో పరుగు. అంతే. మొదటి ఏడాదితో పోలిస్తే గంటలు మూడో వంతు తగ్గాయి.

అంత తక్కువతో కుదురుతుందా అని నాకే భయం వేసింది. కానీ గంటలు తగ్గినప్పుడు ప్రతి గంటా దేనికో తెలిసి ఉండాలి. నన్ను వాస్‌డేల్‌లో కూలదోసింది ఎక్కడం కాదు, దిగడం. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి. కండరాన్ని ఎక్కువగా చితకగొట్టేది ఆ పనే. దానికి మందు, మెల్లగా అలవాటు చేయడమే. దానికి కొండే అక్కర్లేదని తెలిశాక మా మేడ మెట్లే చాలనిపించింది. రోజూ సాయంత్రం పప్పు కుక్కర్‌లో పెట్టి, కింది మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి రెండో మడమను నేలకు తాకీతాకనట్టు దించి మళ్లీ లేవడం. కుక్కర్ మూడు విజిళ్లు వేసేలోపు కాలుకు ముప్పై. పొయ్యి కట్టేస్తే నా వ్యాయామం అయిపోయినట్టే. నాలుగు నెలల్లో తేడా తెలిసింది.

క్లోఫాకు బర్క్ బ్యాంక్ వైపు నుంచి ఎక్కితే సుమారు 330 మీటర్ల ఎత్తు. మూడుసార్లు ఎక్కి దిగితే వెయ్యి మీటర్లు దగ్గర్లోనే దొరుకుతాయి. అంతకుముందు ఆ వెయ్యి మీటర్ల కోసం కారులో గంట వెళ్లి గంట వచ్చేదాన్ని. లేక్ డిస్ట్రిక్ట్ ప్రయాణాలు దారి నేర్చుకోవడానికి మాత్రమే ఉంచుకున్నాను. నిట్టనిలువు చోట పరుగు కన్నా గట్టి నడకే వేగం. రెండు అరచేతులూ మోకాళ్ల పైన నొక్కిపెట్టి ఒక్కో అడుగూ వేయాలి. తిరుమల కాలిదారిలో మోకాళ్ల పర్వతం ఎక్కినవాళ్లకు ఇది వేరే నేర్పక్కర్లేదు.

ఏదో ఒకటి పోవాలి కదా, పోయాయి. రాత్రి తొమ్మిదిన్నరకు పడక, అంటే టీవీ, ఫోను కబుర్లు పోయాయి. ఊళ్లో తెలుగు కుటుంబాల ఆదివారం భోజనాలు చాలా తప్పిపోయాయి. అందులో ఒక స్నేహం మునుపటిలా లేదు. దానికి నాకిప్పటికీ బాధగానే ఉంది. ఇల్లు, ఉద్యోగం, కొండ మూడూ ఉంటే నాలుగోది నిలవలేదు.

పిల్లల్ని కూడా తీసుకెళ్లవచ్చుగా, రెండూ కలిసొస్తాయి అని చాలామంది సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోను. పిల్లల్ని తీసుకెళ్లాం, చాలాసార్లు. నికీ నుక్ అని 215 మీటర్ల గుట్ట, ఒకసారి 723 మీటర్ల ఇంగిల్‌బరో. కానీ అవి పిల్లల నడకలు. బాబు ఒక గుంట దగ్గర కూర్చుని కప్పపిల్లల్ని లెక్కపెడితే ఇరవై నిమిషాలైనా సరే, నేనూ లెక్కపెట్టాను. గడియారం ఇంట్లో వదిలి వెళ్లాను. పిల్లవాడి ఆదివారాన్ని నా శిక్షణలో జమ వేసుకుంటే అది మళ్లీ దొంగతనమే.

అమ్మాయి విషయం వేరు. తను కొండ కన్నా పటాన్ని ఇష్టపడింది. భోజనాల బల్ల మీద ఆర్డ్‌నెన్స్ సర్వే పటాలు పరిచి, సమోన్నత రేఖలు దగ్గరగా ఉంటే నిటారు, దూరమైతే వాలు అని నేను ఒకసారి చెబితే చాలు, రెండో వారానికి నా తప్పులు తనే పట్టసాగింది. పొగమంచులో గ్రేట్ కాల్వా నుంచి ఏ దిక్కున దిగాలో దిక్సూచి తిప్పి చెప్పేది. చివరికి నా సమయ పట్టిక అంతా తనే తయారుచేసింది. అరచేతిలో పట్టే అట్ట, దాని మీద 42 గీతలు, ప్రతి శిఖరం ఎదురుగా చేరాల్సిన సమయం, తడవకుండా పైన ప్లాస్టిక్ పొర. స్కిడ్డా నుంచి రాబిన్సన్ దాకా అన్నీ తెలుగు అక్షరాల్లో రాసింది. తెలుగు రాయడం నేర్చుకోవడానికి అప్పటిదాకా నాతో పోట్లాడిన పిల్ల!

జనవరిలో మా అత్తయ్య ఆరు నెలల వీసా మీద వచ్చారు. ఇక నీకేం, ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, హాయిగా కొండలెక్కు అన్నారు స్నేహితులు. ఆ మాట నాకు నచ్చలేదు. డెబ్బై ఏళ్ల మనిషి మనవల్ని చూసుకుందామని సముద్రాలు దాటి వచ్చారు, నా జాగా నింపడానికి రాలేదు. ఆవిడ ఉన్నా లేకపోయినా క్యాలెండర్ మారకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం.

అత్తయ్యకు మొదట అర్థం కాలేదు. “ఈ చలిలో, చీకట్లో కొండలెక్కడం ఏమిటమ్మా? అక్కడ గుడి ఏమైనా ఉందా?” అన్నారు. లేదన్నాను. “మరి ఎందుకు?” జవాబు చెప్పలేక బాబ్ గ్రాహమ్ చుట్టిన దారి పటంలో చూపించాను. వేలితో ఆ గీత వెంట కెజిక్ నుంచి కెజిక్ దాకా వచ్చి, “ఓ, గిరి ప్రదక్షిణా!” అన్నారు. ఆవిడ సింహాచలం గిరి ప్రదక్షిణ పన్నెండు సార్లు చేశారు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు, తొలి పావంచా, అంటే కొండ కింది మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఆ రోజు నుంచి ఎందుకని మళ్లీ అడగలేదు. ఎన్ని గంటలకు ఏం తింటావు, కాళ్లకు ఏం రాస్తావు, మధ్యలో కూర్చుంటావా అని అడిగేవారు. నాకు కావాల్సిన ప్రశ్నలు అవే.

తిండి సంగతి ఆవిడతోనే కుదిరింది. మొదటిసారి గంటగంటకూ దుకాణంలో కొన్న తీపి జెల్లులు మింగాను. పది గంటలు దాటాక తీపి పేరు వింటేనే కడుపు తిప్పింది. ఈసారి వేరుశనగ అచ్చులు, ఉప్పు వేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు, గోలీలంత పులిహోర ఉండలు. అరగంటకోసారి రెండు ముద్దలు, నడుస్తూనే. ఇవన్నీ ముందు శనివారాల్లో పరీక్షించాం. కొండ మీద మొదటిసారి ఏదీ తినకూడదు.

అన్నీ పట్టిక ప్రకారమే జరిగాయని కాదు. ఫిబ్రవరిలో బాబుకు జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వచ్చింది. మూడు వారాలు పొడవాటి పరుగు ఒక్కటీ లేదు. మొదటి ఏడాదైతే రాత్రి మంచం పక్కన కూర్చుని ఎన్ని మీటర్లు పోయాయా అని లెక్కలు వేసేదాన్ని. ఈసారి ఆగిపోయిన కథ ముగించాం, ఇంకో పుస్తకం మొదలుపెట్టాం. మార్చిలో మళ్లీ క్లోఫా ఎక్కితే రెండు నిమిషాలు ఆలస్యం, అంతే. కాళ్లు అంత త్వరగా మరచిపోవు.

ఇంకో గడ్డు సంగతి, సాయం. రౌండ్‌లో మనకు దారి చూపి, తిండి మోసి, సాక్షిగా నిలిచేవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. వాళ్ల రౌండ్లకు మనమూ వెళ్లాలి, అది ఇక్కడి ధర్మం. మే నెలలో ఒకరికి రెండో భాగంలో తోడు వస్తానని మాట ఇచ్చాను. అదే రాత్రి అమ్మాయి బడిలో వయొలిన్ కచేరీ అని తర్వాత తెలిసింది. మాట వెనక్కి తీసుకుని, నా బదులు ఇంకొకర్ని నేనే వెతికిపెట్టాను. అవతలి మనిషి నొచ్చుకున్నారు. అమ్మాయి వాయించింది నాలుగు నిమిషాలు. మళ్లీ అలాంటి రోజు వచ్చినా నేను అదే చేస్తాను.

2023 జూన్ మూడో వారం, శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు మూట్ హాల్ తలుపు తాకాను. ఆ సీజన్ మొత్తంలో మా వారు మానుకున్న ఆట మర్నాటిది ఒక్కటే. ఆ నెల బ్రిటన్‌లో ఎన్నడూ లేనంత వేడి జూన్. స్కిడ్డా ఎక్కేసరికే చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. చీకటి పడుతుండగా బ్లెంకాథ్రా, అర్ధరాత్రి డాడ్స్ గడ్డి గుట్టలు, తలలైటు వెలుగులో మెరిసే గొర్రెల కళ్లు. తెల్లవారుజామున 3.40కి డన్‌మెయిల్ రెయిజ్ రోడ్డు మీదికి దిగాను. పాతకాలపు రాజు సమాధి అని చెప్పుకునే రాళ్ల కుప్ప పక్కన మా వారు చిన్న స్టవ్ మీద టీ కాస్తూ ఉన్నారు. నేను కప్పు ఖాళీ చేసి బయల్దేరగానే ఆయన లాంకాస్టర్ వెళ్లి, పిల్లల్నీ అత్తయ్యనూ ఎక్కించుకుని, కొండల అవతలి వైపున్న వాస్‌డేల్‌కు చుట్టూ తిరిగి రావాలి. ఆ రాత్రి ఆయన కూడా నిద్రపోలేదు.

మూడో భాగం పొడవైనది, పదిహేను శిఖరాలు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా ఎత్తైన స్కాఫెల్ పైక్, 978 మీటర్లు, అందులోనే. అక్కడి బండరాళ్ల మీద దిగుతూ నా తొడల కోసం ఎదురుచూశాను. మొదటిసారి అవి పట్టు వదిలిన చోటు అదే. ఈసారి నిలిచాయి. కుక్కర్ విజిళ్లు చెవిలో వినిపించాయంటే నమ్మాలి.

వాస్‌డేల్ చేరేసరికి ఉదయం 10.05. ఫెల్ రన్నింగ్‌లో పేరుమోసిన జాస్ నేలర్ ఈ లోయలోనే గొర్రెలు కాసుకుంటూ బతికాడు. 1975లో ఆయన 72 శిఖరాలు 24 గంటలలోపు ఎక్కాడు. పొలం పనీ కొండా ఆయనకు వేరువేరు కావు. నాకు ఎప్పుడూ అసూయగా అనిపించేది అదే. మరుసటి ఏడాది జూన్‌లో, 88 ఏళ్ల వయసులో ఆయన పోయారని తెలిసినప్పుడు నేను ఈ పచ్చిక మైదానాన్నే తలచుకున్నాను.

మైదానంలో మడత కుర్చీ మీద శాలువా కప్పుకుని అత్తయ్య కూర్చుని ఉన్నారు. ఒళ్లో స్టీలు క్యారియరు. అందులో పెరుగన్నం, పక్కన రెండు ఆవకాయ ముక్కలు. నేను గడ్డి మీద కూలబడి తిన్నాను. ఆ ఉప్పు, ఆ పులుపు నాలుకకు తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. బాబు నా బూట్లు లాగి సాక్సులు మార్చాడు. అమ్మాయి అట్ట చూసి, “అమ్మా, పట్టిక కన్నా పన్నెండు నిమిషాలు ముందున్నావు” అంది. యూబారో వైపు తలెత్తి చూశాను. నిరుడు ఎలా ఉందో అలాగే ఉంది.

“ఎన్ని కొండలయ్యాయి?” అన్నారు అత్తయ్య.

“ముప్పై.”

“ఇంక పన్నెండేగా. లేమ్మా. కూర్చుంటే కాళ్లు బిగుసుకుంటాయి, నాకు తెలుసు.”

లేచాను. యూబారో మీద చేతులు మోకాళ్ల మీద నొక్కి, తల దించుకుని, పదేసి అడుగులు లెక్కపెట్టుకుంటూ ఎక్కాను. పిల్లర్ మీద గాలి చల్లగా తగిలింది. గ్రేట్ గేబుల్ రాళ్లలో ఒకసారి వాంతి అయింది, ఆ తర్వాత తేలికపడింది. హోనిస్టర్‌లో మూడు నిమిషాలే ఆగాను. డేల్ హెడ్, హైండ్‌స్కార్త్, రాబిన్సన్ అయిపోయాక మిగిలింది దిగుడు, ఆపైన పొడవాటి రోడ్డు. కెజిక్ వీధిలోకి తిరిగేసరికి పిల్లలిద్దరూ చెరో పక్కన పరుగెత్తారు. సాయంత్రం 6.27కి తలుపు తాకాను. 23 గంటల 27 నిమిషాలు. మా వారు ఏమీ అనలేదు, నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నారు. ఆయన చేతులు వణికాయి.

మర్నాడు ఆదివారం మేడ మెట్లు కూర్చుని దిగాను. సోమవారం బడి, మంగళవారం నా షిఫ్టు. జూలై మొదటి వారంలో అత్తయ్య వెళ్లిపోయారు, ఆషాఢ పౌర్ణమి ఈసారి దాటిపోయిందే అని నొచ్చుకుంటూ. వచ్చే ఏడాది నేనూ తోడు వస్తానన్నాను.

రౌండ్ తర్వాతి శనివారం మధ్యాహ్నం నేను బౌండరీ పక్కన గడ్డి మీద కూర్చున్నాను. ఆ జట్టులో అప్పటికి తొమ్మిదేళ్లుగా ఆడుతున్న మనిషి ఆటను నేను పూర్తిగా చూడటం అదే మొదటిసారి. నాలుగో నంబరులో దిగారు. మొదటి రెండు బంతులు వదిలేశారు. మూడోది కవర్ల మీదుగా మా వైపే వచ్చింది. బాబు లేచి పరుగెత్తి ఆపాడు. పద్నాలుగు పరుగులకు ఔటై వచ్చి, హెల్మెట్ తీసి, నా పక్కన కూర్చుని సంచిలోంచి ఆ ఏడాది అట్ట తీశారు. పెన్సిలు నేనే ఇచ్చాను. కిందటి వారం గడి ఖాళీగా ఉంది. అందులో మా అమ్మాయి తన చేత్తో ‘42’ అని రాసింది.

కొత్త క్యాలెండర్ డిసెంబరులో వస్తుంది. నాకు ఇంకో కొండ దారి మనసులో ఉంది. ఇంకా ఎవరికీ చెప్పలేదు, బల్ల దగ్గర అడగాలి.